నెట్‌వర్క్ స్టోరేజీ చెడినప్పుడు ఫైళ్ల పునరుద్ధరణ: ఒక సమీక్ష

రెండో, నాలుగో, ఎనిమిదో హార్డ్ డిస్కులను ఒక చిన్న పెట్టెలో బిగించి, దానికి సొంత ప్రాసెసరును, లైనక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టంను అమర్చి, ఆఫీసులోని కంప్యూటర్లన్నీ లాన్ కేబులు ద్వారానో వైఫై ద్వారానో ఒకే చోట ఫైళ్లు దాచుకొనే వీలు కల్పించే యంత్రాన్ని నెట్‌వర్క్ స్టోరేజీ అంటారు. వాడుకలో దీని పేరు నాస్. తిరుమల, తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం వంటి చోట్ల ముహూర్తాల కాలంలో వరుసగా జరిగే పెళ్లిళ్లను చిత్రీకరించే స్టూడియోలకు, పుస్తకాలు, శుభలేఖలు కూర్చే డీటీపీ కేంద్రాలకు, స్కానింగ్ సెంటర్లకు, ఆడిటర్ల కార్యాలయాలకు, కళాశాలలకు ఇటువంటి పెట్టె అవసరంగా మారింది. ఒక్కో పెళ్లి ఫొటోలు, వీడియోలు కలిపి వందల గిగాబైట్లు అవుతున్నందున ఒక సీజను పని అంతా ఒకే పెట్టెలో చేరుతుంది. అది చెడిన రోజున పోయేది యంత్రం కాదు, మళ్లీ తీయడానికి వీలులేని ముహూర్తాలు, మళ్లీ చేయించుకోమని రోగులకు చెప్పలేని పరీక్షలు. అలా పోయిన ఫైళ్లలో ఎంత భాగం తిరిగి వస్తుంది, అది దేనిమీద ఆధారపడి ఉంటుంది అన్నది ఈ సమీక్ష విషయం. పునరుద్ధరణ సాఫ్ట్‌వేర్ల గురించి జరిగే చర్చ ఎక్కువే అయినా, ఫలితాన్ని నిర్ణయించేవి వాటికన్నా ముందు రెండు ఉన్నాయి: చెడిన తొలి గంటల్లో ఆ డిస్కుల మీద కొత్తగా ఏమీ రాయకుండా నిగ్రహించుకోవడం, అదే ఫైలు మరోచోట ఉండటం.

నాస్‌లోని ఫైలు డిస్కు మీద నేరుగా కూర్చొని ఉండదు. అన్నిటికన్నా కింద అయస్కాంత పూత పూసిన పళ్లేలు, వాటి మీద తిరిగే హెడ్లు ఉంటాయి. ఆపైన అనేక డిస్కులను ఒక్కటిగా చూపే రెయిడ్ అనే ఏర్పాటు, దానిపైన స్థలాన్ని భాగాలుగా పంచే ఎల్‌వీఎం, దానిపైన ఏ ఫైలు ఎక్కడ ఉందో లెక్క రాసుకొనే ఫైల్ సిస్టం, చిట్టచివర వినియోగదారుకు కనిపించే ఫోల్డరు ఉంటాయి. సైనాలజీ పెట్టెల్లో ఈ వరుస సాధారణ లైనక్స్ భాగాలతోనే కట్టినది కాబట్టి పెట్టె కాలిపోయినా డిస్కులు బాగుంటే వాటిని ఉబుంటు కంప్యూటరుకు తగిలించి చదవవచ్చు. ఆ పద్ధతిని ఆ సంస్థే తన సహాయ పత్రాల్లో వివరిస్తుంది. క్యూనాప్ పెట్టెల్లో చాలావాటిలో ఎల్‌వీఎం భాగాన్ని ఆ సంస్థ తనకు తగినట్టు మార్చుకున్నందున మామూలు లైనక్స్ దాన్ని గుర్తించదు; అదే జాతి మరో పెట్టెనో, ప్రత్యేక సాఫ్ట్‌వేరునో ఆశ్రయించవలసి ఉంటుంది. పవర్ సప్లయ్ లేదా మదర్‌బోర్డు మాత్రమే పోవడం అన్ని వైఫల్యాల్లోనూ తేలికైనది. పెట్టె మీద లైట్లు వెలగకపోవడం చూసి అంతా పోయిందని దిగులుపడే సందర్భాల్లో తొలుత పరిశీలించవలసినది కూడా అదే.

రెయిడ్ అన్న ఆలోచనకు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రం రూపమిచ్చింది. అందులో ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నది రెయిడ్ 5. నాలుగు డిస్కుల పెట్టెలో ప్రతి అడ్డవరుసలోనూ మూడింట్లో అసలు సమాచారం, నాలుగోదాంట్లో ఆ మూడింటి నుంచి లెక్కగట్టిన సరిచూపు అంకె ఉంటాయి. ఈ అంకెనే ప్యారిటీ అంటారు. మొదటి డిస్కులో 1, రెండోదాంట్లో 0, మూడోదాంట్లో 1 ఉంటే, ఒకట్ల సంఖ్య సరిసంఖ్య కాబట్టి ప్యారిటీ 0 అవుతుంది. రెండో డిస్కు పోయిందనుకుంటే మిగిలిన 1, 1, 0లలో ఒకట్లు సరిసంఖ్యలోనే ఉన్నాయి కాబట్టి పోయినది 0 అని తేలుతుంది. ఇదే లెక్క కోట్లాది బిట్లకు జరుగుతుంది. అయితే ఈ ఏర్పాటు కాపాడేది ఒక డిస్కు మరణం నుంచి మాత్రమే. పొరపాటున తొలగించిన ఫోల్డరును, డబ్బు గుంజడానికి రాన్సమ్‌వేర్ అనే హానికర ప్రోగ్రాము తాళం వేసిన ఫైలును, మంటల్లో చిక్కుకున్న పెట్టెను అది ఏమాత్రం కాపాడలేదు, ఎందుకంటే తప్పు రాతను కూడా అది అంతే విశ్వాసంగా నాలుగు డిస్కులకూ పంచుతుంది. ఈ తేడా తెలియక రెయిడ్‌నే బ్యాకప్ అనుకోవడం పెద్ద నష్టాలకు తరచుగా మూలమవుతోంది.

ఒక డిస్కు పోయినప్పుడు పెట్టె బీప్ కొడుతుంది, తెర మీద డీగ్రేడెడ్ అన్న హెచ్చరిక కనిపిస్తుంది, ఫైళ్లు మాత్రం తెరుచుకుంటూనే ఉంటాయి. ఆ దశలో చాలామంది చేసే పని కొత్త డిస్కు తెచ్చి పెట్టి రీబిల్డ్, అంటే పోయిన డిస్కులోని సమాచారాన్ని మిగతావాటి నుంచి లెక్కగట్టి కొత్తదానిలో రాయించడం, మొదలుపెట్టడం. అసలు ప్రమాదం అక్కడ ఉంది. 8 టెరాబైట్ల డిస్కును సెకనుకు 180 మెగాబైట్ల వేగంతో ఆగకుండా చదివినా 12 గంటలకు పైగా పడుతుంది. పెట్టె పనిలో ఉంటే ఇంకా ఎక్కువ. ఒకే రోజు కొని, ఒకే వేడిలో, ఒకే భారంతో ఏళ్ల తరబడి తిరిగిన మిగతా మూడు డిస్కులు ఆ గంటలన్నీ మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా చదవబడతాయి. సాధారణ డిస్కుల తయారీదారులు సుమారు 10 లక్షల కోట్ల బిట్లకు పది రెట్లు, అంటే 12.5 టెరాబైట్లు చదివితే ఒక బిట్టు చదవలేని స్థితి రావచ్చని తమ పత్రాల్లో రాస్తారు. పై ఉదాహరణలో చదవవలసినది 24 టెరాబైట్లు. వాస్తవంలో డిస్కులు ఆ అంకెకన్నా మెరుగ్గానే పనిచేస్తాయి కాబట్టి రీబిల్డ్ తప్పక విఫలమవుతుందన్న ప్రచారం అతిశయోక్తే, కానీ ప్రమాదం లేదనడం అంతకన్నా తప్పు. ఫైళ్లు ఇంకా తెరుచుకుంటున్న ఆ గంటల్లో చేయవలసింది ముఖ్యమైనవాటిని మరో డిస్కులోకి తీసుకోవడం; రీబిల్డ్ ఆ తరువాతి పని.

రెండో డిస్కు కూడా పోయి రెయిడ్ కూటమి అంతా కూలిపోయినప్పుడు పెట్టె తెర మీద కనిపించే ఇనిషియలైజ్, క్రియేట్ అన్న బటన్లు మరింత అపాయకరమైనవి. ప్రతి డిస్కు మొదట్లోనో చివర్లోనో సూపర్‌బ్లాక్ అనే చిన్న చిరునామా పత్రం ఉంటుంది: ఆ డిస్కు ఏ కూటమికి చెందినది, వరుసలో ఎన్నోది, ఒక్కో ముక్క పరిమాణం ఎంత, చివరిసారి ఎప్పుడు రాయబడింది అన్నవన్నీ అందులో ఉంటాయి. వాటితోపాటు ఈవెంట్ కౌంట్ అనే ఒక వరుస సంఖ్య కూడా ఉంటుంది. కూలిపోయిన నాలుగు డిస్కుల సూపర్‌బ్లాకులను పక్కపక్కన పెట్టి చూస్తే, మూడింటి సంఖ్యలు ఇంచుమించు ఒకటిగా ఉండి నాలుగోది చాలా వెనకబడి ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఆ నాలుగోది వారాల క్రితమే జట్టు నుంచి తప్పుకొన్నది, ఎవరూ గమనించనిది. కేబులు వదులై నిన్న రాలిపోయిన డిస్కును, నెలక్రితం చనిపోయిన డిస్కును వేరుచేసి చూపేది ముఖ్యంగా ఈ అంకే. నిన్నటి దాన్ని కలుపుకొని కూటమిని చదవడానికి మాత్రమే నిలబెడితే దాదాపు అన్ని ఫైళ్లూ వస్తాయి. నెలనాటి పాత డిస్కును కలిపితే ఫోల్డర్లు కనిపించినా ఫైళ్లు చిందరవందరగా ఉంటాయి. కొత్తగా క్రియేట్ చేస్తే ఆ చిరునామా పత్రాలే చెరిగిపోతాయి. డిస్కులు బయటికి తీసేముందు ఏది ఏ స్లాటులోదో మార్కరుతో రాసి పెట్టుకోవాలన్న చిన్న జాగ్రత్త రోజుల పనిని తప్పిస్తుంది.

అందుకే ఈ రంగంలోని నిపుణులందరూ ఏకీభవించే తొలి మెట్టు, అసలు డిస్కుల మీద ప్రయత్నాలు చేయక, ఒక్కోదానికీ పూర్తి నకలు తీసి, ఆ నకళ్ల మీదే ఎన్ని ప్రయోగాలైనా చేయడం. ఇందుకు ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరు విరివిగా వాడబడుతుంది. అది తేలికగా చదవగలిగిన భాగాలను ముందు తీసుకొని, మొండికేసిన చోట్లను దాటవేసి, వాటిని చివరన ముక్కలుముక్కలుగా మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏది చదివింది, ఏది మిగిలింది అన్న పటాన్ని ఒక ఫైలులో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మొదటికి రావలసిన పని లేదు. డిస్కు టక్‌టక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. అది హెడ్లు దెబ్బతిన్న గుర్తు. తిప్పిన ప్రతి నిమిషమూ పళ్లేలపై పూతను గీకే అవకాశం ఉంది. దుమ్ములేని గదిలో మూత తీసి, సరిపోయే మరో డిస్కు నుంచి హెడ్లు మార్చే పని అది. తిరుపతి వాసులు దానికి చెన్నైకో బెంగళూరుకో హైదరాబాదుకో పోవలసి ఉంటుంది. సర్క్యూట్ బోర్డు మార్చితే సరిపోతుందన్న పాత నమ్మకం కూడా ఇప్పటి డిస్కులకు పనిచేయదు, ఎందుకంటే ఆ డిస్కుకు మాత్రమే సరిపోయే అమరికలు బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటాయి, ఆ చిప్‌లోని సమాచారాన్ని కూడా కొత్త బోర్డుకు మార్చాలి.

డిస్కు చెడితే, వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయలసీమ ఎండల మీదే నెపం వేయడం పరిపాటి. గూగుల్ పరిశోధకులు తమ డేటా సెంటర్లలోని లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం, వేడికీ డిస్కు మరణానికీ అనుకున్నంత బలమైన సంబంధం లేదని, బాగా ఎక్కువ ఉష్ణోగ్రతల్లోనూ పాతబడిన డిస్కుల్లోనూ మాత్రమే అది స్పష్టమని చూపింది. అయితే ఆ డిస్కులు గాలి ఆడే డేటా సెంటర్లలోనివి. గాలి చొరని చెక్క అలమరలో మూసిపెట్టిన పెట్టెకు ఆ ఊరట వర్తించదు. ఈ ప్రాంతంలో అంతకన్నా ఎక్కువ పట్టించుకోవలసినవి రాత ముగియకముందే పోయే కరెంటు, నీరు. రాస్తుండగా కరెంటు పోతే సమాచారం మారి ప్యారిటీ మారని స్థితి ఏర్పడి, అది మరో డిస్కు పోయేదాకా బయటపడకుండా దాగి ఉంటుంది. పెట్టెతో మాట్లాడుకొని సమయానికి దాన్ని మూసివేయించే యూపీఎస్ దీనికి విరుగుడు. 2021 నవంబరు 18, 19 తేదీల కుండపోతకు తిరుపతి వీధులు, కింది అంతస్తులు నీట మునిగాయి. అటువంటప్పుడు తడిసిన డిస్కును ఆరబెట్టి, పనిచేస్తుందేమో చూద్దామని కరెంటు ఇవ్వడం తీరని నష్టానికి దారితీస్తుంది. బురదనీటి మడ్డి పళ్లెం మీద ఎండకముందే, తడిగానే సంచిలో కట్టి పునరుద్ధరణ కేంద్రానికి చేర్చడం సరైన పద్ధతి.

డిస్కులూ కూటమీ బాగుండి ఫైల్ సిస్టం మాత్రమే చెడినప్పుడు, లేదా ఫైళ్లు తొలగించబడినప్పుడు, ఫలితం ఫైల్ సిస్టం స్వభావాన్ని బట్టి మారుతుంది. ఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టంలో తొలగించిన ఫైలు ఎక్కడెక్కడ ఉందన్న సూచిక తుడిచివేయబడుతుంది, లోపలి సమాచారం మాత్రం దానిపై మరొకటి రాసేదాకా ఉంటుంది. బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే మరో ఫైల్ సిస్టం పాత రాతను చెరపకుండా కొత్త రాతను వేరేచోట రాస్తుంది కాబట్టి పాత సూచికల జాడలు కొంతకాలం మిగిలి ఉంటాయి. వాటిని వెతికి ఫైళ్లను బయటికి తీసే ఆజ్ఞలు లైనక్స్‌లోనే ఉన్నాయి. అదే ఫైల్ సిస్టంను అక్కడికక్కడే మరమ్మతు చేసే ఆజ్ఞ మాత్రం నకలు లేకుండా ముట్టుకోరానిది. 2021 జూన్ చివర ప్రపంచమంతటా వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పెట్టెలు, వాటి సాఫ్ట్‌వేరులోని లోపాలను వాడుకున్న దాడివల్ల, ఒక్కసారిగా ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోయాయి. ఫోల్డర్లన్నీ ఖాళీగా కనిపించినా అది పైపై చెరిపివేత మాత్రమే. వెంటనే తీగ లాగేసినవారికి చాలా ఫైళ్లు దొరికాయి, ఖాళీ పెట్టెలోకి మళ్లీ కాపీ చేయడం మొదలుపెట్టినవారు ఆ అవకాశాన్ని తామే పోగొట్టుకున్నారు.

సూచికలు పూర్తిగా పోతే మిగిలేది కార్వింగ్, అంటే పేరు, ఫోల్డరు అన్నవి పట్టించుకోక, ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి డిస్కంతా జల్లెడపట్టడం. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఫొటోరెక్ ఈ పని చేసే ఉచిత సాఫ్ట్‌వేరు. జేపెగ్ ఫొటో ఎప్పుడూ ఒకే రకం బైట్లతో మొదలవుతుంది కాబట్టి ఫొటోలు బాగా దొరుకుతాయి. పెద్ద వీడియోలు డిస్కు మీద ముక్కలై చెదిరి ఉండటంవల్ల, వాటిని ఎలా చదవాలో చెప్పే పట్టిక తరచుగా ఫైలు చివర్లో ఉండటంవల్ల, దొరికినా తెరుచుకోవు. అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఉంటే కొన్నింటిని బాగుచేయవచ్చు. ఇలా వచ్చినవాటికి పేర్లుండవు, ఎవరి పెళ్లో చెప్పే ఫోల్డరు ఉండదు. తిరుమల ఆలయంలోని సంకీర్తనా భాండాగారం నుంచి 20వ శతాబ్ది తొలి దశకాల్లో వెలికివచ్చిన తాళ్లపాక రాగిరేకులు ఈ స్థితిని బాగా ఎరిగినవే: వాటిమీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, పాడే బాణీ లేదు. వేల కీర్తనలకు బాణీలు కొత్తగా కట్టవలసి వచ్చింది. దొరికిన ఫైళ్లకు మళ్లీ పేర్లు, తేదీలు, సందర్భాలు కట్టే పని కూడా యంత్రం చేసేది కాదు. పునరుద్ధరణ ఖర్చులో దాన్ని ఎవరూ లెక్కవేయరు.

తెలుగు ఫైళ్లకు అదనపు చిక్కులు రెండున్నాయి. తిరుపతి, చిత్తూరు డీటీపీ కేంద్రాల్లో దశాబ్దాలుగా పేజ్‌మేకరులో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాల్లో అక్షరాలు యూనికోడులో కాక, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచిన తెలుగు ముక్కలుగా ఉంటాయి. ఆ ఫైలు చెక్కుచెదరక తిరిగివచ్చినా ఫాంటూ, పాత పేజ్‌మేకరూ లేకపోతే తెర మీద కనిపించేది అర్థంలేని గుర్తుల వరుస. దొరికిన వేల ఫైళ్లలో ఒక పదం కోసం వెతకాలన్నా ముందు వాటిని యూనికోడుకు మార్చాలి. రెండోది ఫైళ్ల పేర్లు. యూనికోడులో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి; తిరుచానూరు అన్న పేరు గుణింతాల గుర్తులతో కలిపి 10 గుర్తులు, అంటే 30 బైట్లు. మామూలు ఫైల్ సిస్టంలో పేరుకు 255 బైట్ల హద్దు ఉన్నందున 85 గుర్తుల దాకా ఇబ్బంది లేదు, కానీ కొన్ని సైనాలజీ పెట్టెల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్లకు ఆ హద్దు 143 బైట్లే, అంటే 47 గుర్తులు. వధూవరుల పేర్లు, ఊరు, తేదీ కలిపి తెలుగులో రాసిన పేరు ఆ హద్దును సులువుగా దాటుతుంది. అటువంటి ఫైలు బ్యాకప్‌లోకి కాపీ కాకుండా, తప్పుల జాబితాలో ఒక వరుసగా మిగిలిపోతుంది. ఆ జాబితా తెరిచి చూసేవారు అరుదు.

రాన్సమ్‌వేర్ వేరే కథ. 2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై చిత్తూరు జిల్లాతో సహా రాష్ట్రంలోని అనేక పోలీసు విభాగాల కంప్యూటర్లను, తరువాతి రోజుల్లో తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయంలోని కొన్ని కంప్యూటర్లను తాకింది. అది పాకింది విండోస్‌లో ఫైళ్లు పంచుకొనే ఎస్ఎంబీ అనే పద్ధతిలోని లోపం ద్వారా. దాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేసింది. నాస్‌లోని ఫోల్డర్లు ఆఫీసు కంప్యూటర్లకు అందేది కూడా ఎస్ఎంబీ ద్వారానే కనుక, ఒక కంప్యూటరుకు సోకిన రాన్సమ్‌వేర్ దానికి తగిలించిన నెట్‌వర్క్ డ్రైవులోని ఫైళ్లకూ తాళం వేయగలదు. 2019లో తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థతో సహా రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు కూడా ఈ రకం దాడికి గురయ్యాయి. నేరుగా నాస్‌లనే లక్ష్యం చేసుకున్న క్యూలాకర్ 2021 ఏప్రిల్‌లో క్యూనాప్ పెట్టెల్లోని ఫైళ్లను పాస్‌వర్డుతో సెవెన్‌జిప్ కట్టలుగా కట్టి అసలువాటిని తొలగించింది. తొలగించినవి డిస్కు మీద ఇంకా ఉన్నందున ఫొటోరెక్ ఆధారంగా చేసిన సాధనంతో కొంత భాగం వెలికివచ్చింది.

ఈ సందర్భాల్లో ఒక సున్నితమైన తేడా ఉంది. డిస్కు చెడినప్పుడు పెట్టెను వెంటనే ఆపడమే మేలు. రాన్సమ్‌వేర్ పనిచేస్తుండగా మాత్రం ముందు లాన్ కేబులు లాగి, పెట్టెను రీస్టార్ట్ చేయకుండా నిపుణుణ్ని పిలవడం మంచిది. క్యూలాకర్ నడుస్తున్నంతసేపు పాస్‌వర్డును పట్టుకొనే దారి ఉండేది, రీస్టార్ట్ చేస్తే అది మూసుకుపోయేది. వానాక్రై విషయంలో కూడా, రీస్టార్ట్ చేయని పాత విండోస్ యంత్రాల మెమరీలో తాళంచెవి తయారైన అంకెలను వెతికే వానాకివీ అనే సాధనం కొందరికి అక్కరకొచ్చింది.

మరోచోటి ప్రతి విలువకు దగ్గరి సాక్ష్యం కాగితం నుంచే ఉంది. 2024 జులై 21 రాత్రి పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో భూముల రికార్డులు దగ్ధమయ్యాయి. ఆ తరువాత అధికారులు సగం కాలిన ఫైళ్లను వేరుచేయడం, ఇతర కార్యాలయాల్లోని ప్రతులను రాబట్టడం మొదలుపెట్టారు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఒక ఫైలు మండలానికీ డివిజనుకూ జిల్లాకూ తిరుగుతుంది కాబట్టి ఆ ప్రయత్నానికి ఆధారం ఉంది. అన్నిటినీ ఒకే నెట్‌వర్క్ స్టోరేజీలో చేర్చితే ఆ చెదురుమదురు ప్రతులు మాయమవుతాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజియన్ జాతీయ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకొని, ప్రభుత్వోద్యోగులు పని పత్రాలు దాచుకొనే జీ డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. పరిమాణం మరీ పెద్దదన్న కారణంతో దానికి వేరేచోట బ్యాకప్ ఉంచలేదు. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయంలో బ్యాకప్ చేసే ప్రోగ్రాములోని పొరపాటే సూపర్ కంప్యూటరు నిల్వలోని 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లను చెరిపేసింది. ఈ రెండింటిలోనూ నష్టం సాధనాల కొరతవల్ల జరగలేదు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో అని పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన నియమం తిరుపతి స్టూడియోకు భరించలేనిదేమీ కాదు. నాస్‌తోపాటు, వారానికోసారి తగిలించి తీసి చిత్తూరులోనో రేణిగుంటలోనో బంధువుల ఇంట ఉంచే ఒక పెద్ద హార్డ్ డిస్కు అందులో చాలావరకు తీరుస్తుంది.

తిరిగివచ్చిన ఫైళ్లను నమ్మడం కూడా పునరుద్ధరణలో భాగమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో చూపేటప్పుడు జతచేసే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలులో ఒక్క బిట్టు మారినా పూర్తిగా మారిపోయే వేలిముద్ర వంటి సంఖ్య. ముందే హ్యాష్‌ల జాబితా రాసి ఉంచుకొన్న సంస్థకు ఏ ఫైలు యథాతథంగా వచ్చిందో క్షణాల్లో తెలుస్తుంది. లేనిచోట ప్రతి ఫైలునూ తెరిచి కంటితో చూడటం తప్ప దారి లేదు, స్కానింగ్ సెంటరులోని ఎక్స్‌రేల విషయంలో అది కూడా చాలదు. తాటాకు గ్రంథాలను డిజిటల్ చేసే పని సాగే తిరుపతి వంటి విద్యాకేంద్రంలో ఈ జాబితా అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే ఆకు శిథిలమైతే ఆ చిత్రమే మూలమవుతుంది.

ఇంతవరకు చెప్పిన పద్ధతుల్లో సగం రానున్న ఏళ్లలో పనిచేయకపోవచ్చు. పళ్లేల డిస్కుల స్థానంలోకి వస్తున్న ఎస్ఎస్‌డీల్లో తొలగించిన ఫైలు స్థలాన్ని ట్రిమ్ అనే ఆజ్ఞ వెంటనే ఖాళీచేయిస్తుంది, కార్వింగ్‌కు ఏమీ మిగలదు. డిస్కంతా ఎన్‌క్రిప్ట్ చేసిన పెట్టెలో తాళంచెవి ఆ పెట్టెలోనే ఉండిపోతే, మదర్‌బోర్డు మాత్రమే పోయిన తేలికపాటి సందర్భం కూడా పూర్తి నష్టంగా మారుతుంది. పెట్టెను అమర్చిన రోజునే రికవరీ కీ అన్న చిన్న ఫైలును డౌన్‌లోడు చేసుకోమని ఈ యంత్రాలు అడుగుతాయి. దాన్ని ఆ పెట్టెలోనే కాక వేరేచోట, వీలైతే కాగితం మీద కూడా ఉంచాలి.